మైక్రోస్కోపు పగలగొట్టింది నేనే అన్నాను

నా చిన్నప్పుడు నన్ను అందరూ మొండిఘటం అనేవారు. కాదని ఇప్పటికీ అనను. ఆ మొండితనమే లేకపోతే తొమ్మిదో తరగతితోనే నా చదువు అటకెక్కేది.

మా నాన్న అనంతపురం వైపు నుంచి బెంగళూరు వచ్చిన తాపీమేస్త్రీ. యలహంకలో ఒక రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మ కూడా పనికి వెళ్ళడం మొదలుపెట్టింది కనుక, పరీక్షలు కాగానే నేను బడి మానేసి మూడేళ్ళ తమ్ముణ్ణి చూసుకోవాలని ఇంట్లో తేల్చేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ కోపమంతా క్లాసులో చూపించాను. ఎవరేమన్నా కయ్యమే. విసిగిపోయి టీచరు నన్ను కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి పొమ్మంది.

ఆమె గదిని మేము పిచ్చి రూమ్ అనేవాళ్ళం. అక్కడ ఏం చెప్పినా సాయంత్రానికల్లా హెడ్‌మిస్ట్రెస్ చెవిన పడుతుందని అందరి నమ్మకం. నేనేమైనా తక్కువదాన్నా? ఈవిడ సంగతేమిటో చూద్దామనుకున్నాను. ఎప్పుడూ తాళం వేసి ఉండే ల్యాబులోకి కిటికీలోంచి దూరి మైక్రోస్కోపు పగలగొట్టానని, ఎవరికీ చెప్పొద్దని, ఏడుపు మొహం పెట్టి మరీ చెప్పాను. పచ్చి అబద్ధం. ఆమె సరేనంది.

వారం గడిచినా నన్ను ఎవరూ పిలవలేదు. నాకే ఉండబట్టలేదు. వెళ్ళి, ఎందుకు చెప్పలేదని ఆమెనే నిలదీశాను.

"మన బడిలో మైక్రోస్కోపు యాడుండాది పాపా?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. అబద్ధమని మొదటిరోజే తెలిసి కూడా, దాన్నీ కడుపులో దాచుకుందన్నమాట! అప్పుడు వెక్కి వెక్కి ఏడుస్తూ అసలు సంగతి చెప్పాను. ఆమె సలహాలేమీ ఇవ్వలేదు. "మీ నాయనతో నన్ను మాట్లాడమంటావా, నువ్వే మాట్లాడతావా?" అని అడిగింది. నేనే మాట్లాడతాను, మీరు పక్కన కూర్చుంటే చాలన్నాను.

టీసీ కోసం నాన్న వచ్చిన రోజు ఆ గదిలోనే కూర్చున్నాం. ఇది మీకేం చెప్పిందని నాన్న ఆమెను అడిగాడు.

"పాప చెప్పింది పాపనే అడగండప్పా" అంది.

లేచి నిలబడ్డాను. "నేను బడి మానను నాయనా. కొట్టినా మానను."

"పిల్లోణ్ణి ఎవురు చూస్తారే?"

"పగలు అంగన్‌వాడీలో వదులు. సాయంత్రం నేను చూస్తా."

నాన్న లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు. ఆ తర్వాత టీసీ ఊసే ఎత్తకుండా పనికి వెళ్ళిపోయాడు.

మొన్న మా అమ్మాయి వాళ్ళ స్కూల్లో కౌన్సెలర్‌ని కలిసొచ్చింది. మళ్ళీ వెళ్తుందట. తల్లివై ఉండి ఏం చెప్పిందో కనుక్కోవా అని ఇంట్లో అందరూ నా మీద పడ్డారు. తెలుసుకోవాలని నాకు మాత్రం ఉండదా? ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. అయినా అడగను. దానంతటది చెప్పేదాకా, ఎవరెన్ని అనుకున్నా, అడగను గాక అడగను.