మా మామ చేతిలోని చైనా ఫోను

ఆ రోజుల్లో నా చేతికి ఏ వస్తువు దొరికినా ముందు దాన్ని తిరగేసి అడుగు చూసేవాణ్ణి. రాష్ట్రం విడిపోయిన కొత్త. ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ చివరి ఏడాది చదువుతున్నాను. మీసం ఇంకా సరిగ్గా రాలేదు గానీ అభిప్రాయాలు మాత్రం గుబురుగా వచ్చేశాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది, బయటి దేశం నుంచి వచ్చే చవక సరుకు మన కొంపలు కూలుస్తోందనేది. (మాట పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. మాట మంచిదే. దాన్ని మోసుకు తిరిగినవాడి సంగతే ఇక్కడ చెప్పబోతున్నాను.) మా క్లాసులో ఒక బట్టల కొట్టు వాళ్లబ్బాయి ఉండేవాడు, అందరం లీడరు అనే పిలిచేవాళ్లం. అతనే నాకు ఈ మంట అంటించాడు. మేమిద్దరం కలిసి హాస్టల్లో చైనా సరుకు వాడమని ప్రమాణం చేసి, ముందుగా దోమల బ్యాటును బయట పారేశాం. ఆ రాత్రి మమ్మల్ని కుట్టిన దోమలు మాత్రం అచ్చంగా మన దేశానివే.

సెలవులకు జమ్మలమడుగులో మా ఇంటికి వెళ్లి అక్కడా అదే పని పెట్టుకున్నాను. అమ్మ దువ్వెన, చెల్లెలి రబ్బరు బ్యాండ్లు, వంటింట్లో గోడ గడియారం, ఒకటేమిటి, అన్నీ తిరగేసి చూడటం, పక్కన పెట్టడం. మా నాయన మంచం మీద కూర్చుని సాయంత్రం దాకా ఓపిగ్గా చూసి, "రేయ్, నా మొలతాడు యాడ చేసినారో నాకు తెల్దు. అదొక్కటి నాకు వదిలిపెట్టప్పా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. గొప్ప పని చేసేవాళ్లను ఇంట్లోవాళ్లు ఎప్పుడూ అర్థం చేసుకోరని సరిపెట్టుకున్నాను. ఇంట్లో ఇక తిరగేయడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి, మర్నాడు మా మేనమామ ఊరికి బయలుదేరాను.

మా మామది వేముల దాటినాక గుట్టల కింద ఉండే చిన్న పల్లె. ఎనభై గొర్రెల మంద ఆయనది. కాస్త శనగ కూడా వేసేవాడు గానీ, ఎవరైనా ఏం చేస్తావని అడిగితే గొర్రెలనే చెప్పేవాడు. ఆయనకు రెండే గర్వాలు. ఒకటి, వాళ్ల వంశంలో మొదటిసారి ఇంజనీరు కాబోతున్న మేనల్లుడు, అంటే నేను. రెండోది ఆయన గొంతు. "నేను ఈ బండమీద నిలబడి ఒక్క కేక ఏస్తే, ఆ గుట్ట మీద యాడ మేస్తాండినా తల ఎత్తి దిగొస్తాయి. ఈ సుట్టుపక్కల ఎవునికన్నా ఉండాదేమో సూడు ఇట్లాంటి గొంతు" అనేవాడు. నిజంగానే ప్రతి సాయంత్రం ఆయన బండెక్కి "హో... హోయ్..." అనేసరికి, మందను నడిపించే పెద్ద పొట్టేలు ముందు, తక్కినవన్నీ వెనక, వరసగా దిగి వచ్చేవి. ఆ పొట్టేలుకు మామ పెట్టిన పేరు సర్పంచి.

ఆ మామ దగ్గర ఒక చైనా ఫోను ఉండేది. పులివెందుల బస్టాండు దగ్గర నేల మీద గుడ్డ పరిచి అమ్మేవాళ్ల దగ్గర మూడేళ్ల కిందట కొన్నాడు. ఇటుకంత లావు, వెనక నాలుగు స్పీకర్లు, నెత్తిన టార్చిలైటు. తారీఖు ఎప్పుడూ తప్పే చూపించేది. మోగిందంటే మాత్రం పక్క ఊరివాళ్లు కూడా తమ జేబులు తడుముకునేవాళ్లు. ముందు "ట్యార ట్యార ట్యాం" అని మూడుసార్లు, తర్వాత బాతు నవ్వినట్టు "క్వా క్వా క్వా" అని ఒక ముక్తాయింపు. నేను దాన్ని తిరగేసి చూసి, మామకు గంటసేపు దేశం గురించి చెప్పాను. ఆయన కంబళి మీద కూర్చుని అంతా విన్నాడు. "నువ్వు సెప్పేది బాగానే ఉండాది అల్లుడా. అయితే ఇది మోగితే గుట్టమింద ఉన్నా ఇనపడ్తాది గదా?" అన్నాడు. నేను వదల్లేదు. స్కాలర్‌షిప్ డబ్బులతో ముందే కొనుక్కొచ్చిన స్వదేశీ ఫోను ఆయన చేతిలో పెట్టి, పాతది పెరుక్కున్నంత పని చేశాను. ఆయన దాన్ని ఇచ్చేముందు కంబళి అంచుతో ఒకసారి తుడిచాడు. చదువుకున్న పిల్లోడు అడిగాడని ఇచ్చాడే తప్ప, మనసొప్పి ఇవ్వలేదని ఆ తుడవడం చూసినా నాకు తట్టలేదు.

ఆ సోమవారమే ప్రొద్దుటూరులో చైనా సరుకు వాడొద్దని మేం పెట్టిన సభ. (మైకు సెట్టు అడుగు ఎవరూ చూడకుండా లీడరు దానికి గుడ్డ చుట్టాడు.) మా మామ ఫోనును రాతి మీద పెట్టి నా చేతికి సుత్తి ఇచ్చారు. మొదటి దెబ్బకు అది పగల్లేదు. రెండో దెబ్బకు మూత ఊడింది. మూడో దెబ్బకు ఏ మీట నొక్కుకుపోయిందో ఏమో, "ట్యార ట్యార ట్యాం" అని పాట ఎత్తుకుంది. జనం ఈలలు వేశారు. నేను కొడుతూనే ఉన్నాను, అది పాడుతూనే ఉంది. చివరి "క్వా" సగంలో ఆగిపోయింది. చప్పట్లు మోగాయి. నా జీవితంలో నాకోసం అంతమంది చప్పట్లు కొట్టడం అదే మొదలు, ఇప్పటివరకూ అదే చివర కూడా.

గురువారం అత్త ఫోను చేసింది. "అబ్బీ, మీ మామకు ఏందో అయిందిరా. గొర్రెలు ఆయన మాట ఇనడంల్యా. నాలుగు దినాల నుంచి పొద్దు గూకినా గుట్ట దిగడంల్యా. ఇద్దరు మనుషులు కట్టెలు తీసకపోయి తోలుకొస్తాండారు. నా గొంతు పోయింది, యింగ నేను పనికిరానంటాండాడు. అన్నం తినేది కూడా ల్యా. ఆదివారం బేరగాన్ని రమ్మన్యాడంట, మందంతా అమ్మేస్తాడంట" అని ఏడ్చింది. మామ గొర్రెలు లేకుండా ఉండటమనేది నా ఊహకే అందలేదు. శుక్రవారం క్లాసు ఎగ్గొట్టి పులివెందుల బస్సెక్కాను.

సాయంత్రం నా కళ్లతో నేనే చూశాను. మామ బండెక్కి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేక వేశాడు. గొంతు ఖంగుమనే ఉంది. గొర్రెలు తల ఎత్తలేదు. సర్పంచి ఒక్కసారి ఇటు చూసి, మనకు కాదులే అన్నట్టు అటు తిరిగి మేసుకుంది. మామ ఇంకో నాలుగు కేకలు వేసి బండ మీదే కూలబడ్డాడు. "మా నాయనకూ ఇట్లనే అయింది అల్లుడా. మంద మాట ఇననిపొద్దు కంబళి మడిచి పెట్టినాడు. నాకూ ఆ పొద్దు వచ్చినట్టుండాది" అన్నాడు. ఆయన కళ్లు చూడలేక నేను గుట్ట వైపు చూశాను. అంత పెద్ద మనిషి అలా కూర్చోవడం చూస్తే నాకు ఏడుపొచ్చింది, కానీ అందులో నా చెయ్యి ఉందని అప్పటికీ తెలియలేదు.

తెలిసింది ఇంటికెళ్లాక, అత్త మామకు బీపీ బిళ్ళ ఇస్తూ సణిగినప్పుడు. "నువ్వు తెచ్చిన ఫోను మంచిదేలే గానీ, బిళ్ళ ఏసుకోవల్లని చెప్పే దిక్కు ల్యా. పాతదాంట్లో మాపుసారి నాలుగున్నరకు మోగేట్టు పెట్టించింటి. అది అరుస్తానే మీ మామ బిళ్ళ మింగి, నీళ్లు తాగి, ల్యాసి గొర్రెల్ని పిలుస్తాండె" అంది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మూడేళ్లుగా రోజూ ముందు ఫోను మోగింది, తర్వాత మామ అరిచాడు. గొర్రెలు ఫోనుకే కదిలాయి, మామ తన కేకకే అనుకున్నాడు. ఆ ఫోనేమో ప్రొద్దుటూరులో సుత్తి కింద నలిగిపోయింది. ఇప్పుడు ఈ మాట మామకు ఎలా చెప్పడం? చెప్పకపోతే ఆదివారం మంద పోతుంది. చెబితే ఆయన గర్వం పోతుంది. కొత్త ఫోనులోనే అలారం పెట్టొచ్చు కదా అంటారేమో. మర్నాడు తెల్లవారగానే దొడ్డి దగ్గర అదీ పెట్టి చూశాను. అది చక్కటి కుటుంబంలో పెరిగిన ఫోను, గొంతెత్తి మాట్లాడదు. ఒక గొర్రెపిల్ల చెవి ఆడించింది, అదైనా ఈగ వాలినందుకే అయి ఉంటుంది.

ఎవరికీ చెప్పకుండా పులివెందుల వెళ్లాను. తువ్వాలు ముఖానికి చుట్టుకుని, బస్టాండు దగ్గర గుడ్డ పరిచి కూర్చున్నాయన ముందు గొంతుక్కూర్చుని, "చైనావి... శానా గట్టిగా మోగేవి ఉన్నాయా అన్నా?" అని గుసగుసగా అడిగాను. దొంగసారా కొనేవాళ్లు కూడా అంత సిగ్గుపడరు. ఆయన ఒక్కొక్కటీ మోగించాడు, నేను తల అడ్డంగా ఊపుతూ పోయాను. చివరికి ఆ పాట ఎలా ఉంటుందో నేనే నోటితో పాడి వినిపించాల్సి వచ్చింది. ఆయన పక్కవాణ్ణి కూడా పిలిచి ఇంకోసారి పాడించుకున్నాడు. "అట్లాంటివి ఇప్పుడు రావడంల్యా తమ్ముడూ. అయినా పాట కోసరం ఫోను కొనేటోన్ని నిన్నే సూస్తాండా. నువ్వే బాగా పాడతాండావు గదా, యింగ ఫోనెందుకు?" అన్నాడు. అతను ఎగతాళికే అన్నాడు. నేను మాత్రం ఆ మాట పట్టుకుని బస్సెక్కాను.

సాయంత్రం నాలుగున్నరకు గుట్ట కింద, మామ నిలబడే బండకు కాస్త దూరంలో ఇంకో పెద్ద బండ వెనక నక్కి కూర్చున్నాను. నా లెక్క ఇది: మామ నోరు తెరిచే ముందు నేను పాడతాను, గొర్రెలు దిగుతాయి, మామ తన గొంతు తిరిగొచ్చిందనుకుంటాడు, బేరగాడు వెనక్కి పోతాడు, నేను ప్రొద్దుటూరు పోతాను. మామ బండెక్కగానే బుగ్గలు పూరించి "ట్యార ట్యార ట్యాం" అన్నాను. గుట్ట మీద ఎనభై తలలు ఒక్కసారి లేచాయి. లేచి అలాగే నిలబడ్డాయి. మిగతాది కోసం ఎదురుచూస్తున్నాయని అర్థమయ్యేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. బాతు నవ్వు నవ్వక తప్పదు. దేశభక్తుణ్ణి, కాబోయే ఇంజనీరును, కళ్లు మూసుకుని "క్వా క్వా క్వా" అన్నాను. గుట్ట దడదడలాడింది. మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ దిగింది. దిగి, చేతులు చాపి నిలబడ్డ మా మామను దాటుకుని, నేరుగా నా బండ చుట్టూ చేరి నిలబడింది. సర్పంచి మూతి నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. దాని వెనకే మామ వచ్చాడు.

"ఏందిరా ఇది?" అన్నాడు. ఇక దాచేదేముంది. అలారం, బిళ్ళ, సుత్తి, చప్పట్లు, అన్నీ చెప్పేశాను. మామ సర్పంచి మూతిని నా ముఖం ముందు నుంచి పక్కకు నెట్టాడు. తర్వాత మెల్లగా, "అంటే, నా గొంతు పోలేదా?" అన్నాడు.

"పోలేదు మామా."

"మూడేండ్ల నుంచి ఇవి నా మాటే ఇనడంల్యా?"

"ఇనడంల్యా మామా."

ఈ రెండు సంగతుల్లో ఏది పెద్దదో తేల్చుకోలేనట్టు ఆయన కాసేపు గొర్రెల వైపు చూశాడు. తర్వాత నా పక్కనే కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వాగాక నా భుజం పట్టుకుని, "నేను శానా భయపడినా అల్లుడా. ఈ వారం దినాలు నేను సచ్చిపోయినట్టే ఉన్న్యా" అన్నాడు. నేను తల వంచుకున్నాను. క్షమించమని అడగబోయాను. ఆయన అడగనివ్వలేదు. "ఆ కూత మళ్లా కుయ్యి. నీ ఎనకాలనే నేనూ అరుస్తా. రెండూ కలిపి నేర్చుకుంటాయిలే. మొదులు నీది, రోంత దినాలకు నాది. ఏం, ఇప్పుడు కుయ్యేది మన దేశం నోరే గదా, నీకేం ఇబ్బంది?" అన్నాడు.

ఆదివారం వచ్చిన బేరగాడికి మామ మజ్జిగ ఇచ్చి పంపించేశాడు. నేను పదిరోజులు అక్కడే ఉండిపోయాను. రోజూ సాయంత్రం నేను ముందు, మామ వెనక. ఊరి పిల్లలు పనులు మానుకుని చూడటానికి వచ్చేవాళ్లు. లీడరు ఫోను చేసి యాడ సచ్చినావురా అంటే, స్వదేశీ పని మీద ఉన్నానని చెప్పాను. (అబద్ధమేమీ కాదు.) రోజురోజుకూ నా పాట తగ్గించాం, మామ కేక పెంచాం. పదో రోజు నేను నోరు మూసుకుని కూర్చున్నాను. మామ ఒక్కడే బండెక్కి అరిచాడు. సర్పంచి తల ఎత్తింది, ఒక్క క్షణం ఆలోచించింది, దిగడం మొదలుపెట్టింది. మామ నావైపు తిరిగి చూడలేదు గానీ, ఆయన వెనక నుంచి చూసినా నవ్వుతున్నాడని తెలిసింది.

ఇప్పుడు పులివెందులలోనే ఉద్యోగం చేస్తున్నాను. ఏదైనా కొనేటప్పుడు మన దగ్గర చేసింది ఉందా అని ఇప్పటికీ అడుగుతాను. అయితే ఇంకొకరి చేతిలో ఉన్నదాన్ని పెరుక్కునే ముందు, అది వాళ్లకు ఏం చేసి పెడుతోందో ఒకసారి కనుక్కుంటాను. అప్పుడప్పుడు ఆ సుత్తి పట్టుకున్న కుర్రాడు గుర్తొస్తాడు. వాడిమీద కోపం రాదు, కాస్త ముద్దొస్తాడు కూడా. ఎక్కడైనా ఎదురైతే భుజం మీద చెయ్యేసి, ఆ ఫోను మీ మామకు ఇచ్చేసి రాప్పా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు లెండి. ఆ వయసులో నేను ఎవరి మాటా వినలేదు, గొర్రెలే నా మాట విన్నాయి.