పొడి కళ్ల ఒప్పుకోలు

మిర్యాలగూడలో మా సంఘంలో ప్రార్థనకు తూకం కన్నీళ్లే. ఉపవాస ప్రార్థనలో ఎవరి కొంగు తడిస్తే వాళ్లదే విరిగిన మనసు. బాప్తిస్మం కోరేవాళ్లు ముందుగా శుక్రవారం కూటంలో మోకరించి తమ పాపాలు ఒప్పుకోవాలి. ఆ రోజు ఏడవని మనిషిని బాప్తిస్మానికి కాలువలోకి దింపరు. అలా అని ఎక్కడా రాసి లేదు. కానీ దింపరు.

నాకు బాప్తిస్మం కావాలి. ఆదివారం బడిలో వాక్యం కంఠస్థం చేస్తూ పెరిగినదాన్ని. కరోనా తర్వాత కాలేజీలు తెరిచిన రోజులవి. కోదాడలో బీఈడీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాస్కు. మధ్యాహ్నానికల్లా కళ్లలో ఇసుక పోసినట్టు గరగర, బోర్డు మీద అక్షరాలు మసక. పక్క బెంచీ వాళ్లూ కళ్లు నలుపుకుంటూనే ఉండేవారు. దుమ్మనుకున్నాం.

ఆ కళ్లతోనే ఊరికొచ్చి శుక్రవారం కూటంలో మోకరించాను. నా పాపాలు నాకు తెలుసు. గుండె పగిలేలా ఒప్పుకున్నాను. కళ్లు మండాయి, ఎర్రబడ్డాయి, చుక్క రాలలేదు. స్త్రీల కూటం నడిపే పెద్దమ్మ వెనక నుంచి అందరికీ వినబడేలా అంది:

"కోదాడ సదువు కండ్లు గూడ ఎండబెట్టిందా బిడ్డా?"

పాస్టర్ అయ్యగారు నిట్టూర్చారు. "మనసు ఇంకా కరగలే. వచ్చే నెల సూద్దాం తల్లీ."

సోమవారం కోదాడ బస్సు ఎక్కలేదు, సూర్యాపేట బస్సు ఎక్కాను. అక్కడ కళ్ల డాక్టరమ్మ నా కింది రెప్పలో కన్నీళ్లు కొలిచే సన్నటి కాగితం ముక్క పెట్టి తీసింది. అది సరిగా తడవనే లేదు.

"నీ మాస్కు ముక్కు కాడ లేచి ఉన్నది. ఊపిరంత పైకి తన్ని కండ్లను ఆరబెడ్తున్నది. నీ లెక్క సదువుకునే పిల్లలు శానమంది వస్తున్రు."

"అయితే మాస్కు తీసెయ్యాల్నా మేడం?"

"తీసుడెందుకు? పై అంచుకు టేపు ఏసుకో. ఫోన్ సూసేటప్పుడు రెప్పలు కొట్టుడు మర్సిపోకు." చుక్కల మందు రాసిచ్చింది.

ఇంట్లో ఆ సీసా చూడగానే అమ్మ ముఖం వెలిగింది.

"ఇగ ఫికర్ లేదు. ప్రార్థనకు ముంగట జర ఎక్కువేసుకో. చెంపల మీదికి కారుతయ్. ఎవలకు తెలుస్తది?"

"దేవునికి తెలుస్తది గదమ్మా."

"దేవునికి నీ మనసు గూడ తెలుసు. తెల్వంది ఆ పెద్దమ్మకే."

నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపం కూడా వచ్చింది. గుడిలో దూరంగా నిలబడి, పాపినని రొమ్ము కొట్టుకున్న బైబిల్ సుంకరి కథ నాకు నేర్పింది ఈ సంఘమే. అతని కళ్లు తడిశాయా అని ఎవరూ వంగి చూడలేదు. నన్నెందుకు చూడాలి? కొన్న నీళ్లు చెంపకు పూసుకుంటే అది ప్రార్థన కాదు, వేషం. వేషం వేసి కాలువలో దిగితే, దిగింది నేను కాదు.

మళ్లీ ఒప్పుకోలు శుక్రవారం వచ్చింది. నా వంతు రాగానే లేచి సీసా తీశాను. అందరూ చూస్తుండగానే కళ్లలో వేసుకున్నాను. చెంప మీదికి జారిన దాన్ని చున్నీతో తుడిచేశాను.

"ఇది మందు. నా పశ్చాత్తాపం దీంట్ల లేదు. పొడి కండ్లతోనే ఒప్పుకుంట. దేవుడు ఇంటడు."

"సంఘంల గీ నాటకాలేంది?" అంది పెద్దమ్మ.

"నాటకం వద్దనే తుడిసిన పెద్దమ్మా."

మగవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. నేను మోకరించి ఒప్పుకోవడం మొదలుపెట్టాను, ఆయన మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నారు.

"నమ్ముతున్నవా?"

"నమ్ముతున్న అయ్యగారూ."

"అయితే ఆదివారం కాలువ కాడికి రా."

ఆదివారం సాగర్ కాలువలో మునిగి లేచాను. గట్టు మీద పెద్దమ్మ తువ్వాలు అందిస్తూ నా ముఖంలోకి వంగి చూసింది.

"ఇగో, ఇప్పుడు తడిసినయ్ కండ్లు!"

"కాలువ నీళ్లు పెద్దమ్మా," అన్నాను.