దోల్దారి వదిన పుట్టిల్లు

మా ఊళ్ళో ఆడవాళ్ళకి పేర్లుండవు. ఉంటాయి గానీ పుట్టింట్లో వదిలేసి వస్తాం. పెళ్ళై వచ్చిన రోజు నుంచీ ఏ ఊరి పిల్లైతే ఆ ఊరి పేరే. నేను సోల్మే నుంచి వచ్చాను కాబట్టి సోల్మేని. మా పక్కింటామె బామ్‌గోల్ పిల్ల, కాబట్టి బామ్‌గోల్. నేను చెప్పబోయే మనిషి దోల్దారి వదిన. దోల్దారి అంటే రాతి వంతెన. అసలు పేరు పెట్టి పిలిచేది పుట్టింటివాళ్ళు మాత్రమే. మా ఆయన నా పేరు మర్చిపోయి చాలా కాలమైంది, నేనూ గుర్తు చెయ్యలేదు.

దోల్దారి వదినకి ఉన్నవి ఓ మిరప చేను, వీధి చివరిదాకా వినబడే నవ్వు, కొండ మీద మొగుడి సమాధి. ఊరి హాల్లో వెచ్చటి నేల మీద చేరి మేం పేకాడుతుంటే ఆవిడే అందరికంటే ఎక్కువ గెలిచేది, అందరికంటే ఎక్కువ వెక్కిరించేది. పుట్టింటి కబుర్లు మొదలైతే మాత్రం చటుక్కున లేచేది. "మిరపకాయలు బయట ఆరబోశానే" అనేది. జనవరిలో, మోకాలి లోతు మంచులో కూడా మిరపకాయలే. పంటల పండగ మర్నాడు మేమంతా పుట్టిళ్ళకి పోతే ఆవిడ ఒక్కతే ఉండిపోయి గిన్నెలు తోముకునేది. "మా ఊరు దూరం" అనేది. మూడు వైపులా సముద్రం ఉన్న ఇంత చిన్న దేశంలో అంత దూరం ఊరు ఎక్కడుందో మాకెవరికీ తట్టలేదు.

ప్రతి ఏడూ ఆకులు ఎర్రబడే కాలంలో మా ఆడవాళ్ళ సంఘం బస్సు మాట్లాడుకుని విహారానికి వెళ్తుంది. సంఘానికి పెద్దని నేనే. ఒక్క రోజులో ఆరు చోట్లు. బస్సులో సీట్ల మధ్య నిలబడి డాన్సు, దిగి ఫొటో, మళ్ళీ ఎక్కి డాన్సు. ఎక్కడెక్కడికి వెళ్ళారని తర్వాత అడిగితే ఒక్కరూ చెప్పలేరు. పోయినేడు డాన్సు మధ్యలో బామ్‌గోల్‌కి మోకాలు పట్టేసి, ఆరు చోట్లా బస్సులోనే కూర్చుని చూసింది. అందుకని ఈసారి కాస్త నెమ్మదిగా తిరుగుదామన్నాను.

ఊరి పెద్ద ప్యో ఆ మాట వినగానే అందుకున్నాడు. "ఇప్పుడు అంతా అదే పిన్నీ. అందమైన పల్లెటూరికి పోవడం, రెండు మూడు రోజులు ఏమీ చెయ్యకుండా కూర్చోవడం. సియోల్ వాళ్ళు డబ్బులు పోసి మరీ వెళ్తున్నారు."

"మిరప చేను చూడ్డానికి డబ్బులా?" అంది బామ్‌గోల్. "మా పెరట్లోకి రమ్మను. సగానికే చూపిస్తా."

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. యాభై ఏళ్ళుగా ఒకళ్ళనొకళ్ళు ఊరి పేరుతో పిలుచుకుంటున్నాం, ఆ ఊళ్ళు మాత్రం ఒక్కరూ చూడలేదు. రోజుకో పుట్టిల్లు చూద్దామన్నాను. పొద్దంతా అక్కడే కూర్చుని, రాత్రి ఆ ఊరి హాల్లోనే పడుకోవాలి. ఈ ఏటికి మూడు ఊళ్ళు: సోల్మే, బామ్‌గోల్, దోల్దారి. హాలంతా చప్పట్లు.

"మా బామ్‌గోల్ కొండ చూశారంటే ఇంక తిరిగి రారు" అంది బామ్‌గోల్.

"రాకపోతే నీ మోకాలికి మందెవరు రాస్తారే?" అన్నాను.

దోల్దారి వదిన లేచింది. మిరపకాయలట.

మర్నాటి నుంచీ ఆ దోల్దారికి వచ్చిన కష్టాలు అన్నీ ఇన్నీ కావు. మొదట అక్కడికి రోడ్డే లేదంది. తర్వాత కందిరీగలున్నాయంది. ఆ తర్వాత కొండచరియ విరిగి పడిందంది. వారం తిరిగేసరికి భూకంపం కూడా వస్తుందేమోనని నేను జిల్లా ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడి అబ్బాయి, "ఏ దోల్దారి అమ్మమ్మా? నాలుగున్నాయి. నాలుగూ బాగానే ఉన్నాయి" అన్నాడు.

వదిన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"వదినా, నీది ఏ దోల్దారి? నాలుగున్నాయట."

"ఏదో ఒకటిలే."

"పుట్టిల్లు ఏదో ఒకటేంటి, కూరా?"

చాలాసేపు ఒలిచింది. ఒలిచినవే మళ్ళీ తీసి చూసింది. "నాకు పుట్టిల్లు లేదే సోల్మే" అంది.

యుద్ధంలో ఆవిడ వాళ్ళెవరూ మిగల్లేదు. అనాథాశ్రమంలో పెరిగింది. అత్తగారు వెళ్ళి చూసి, నచ్చి, పెళ్ళికి వెంటబెట్టుకుని వస్తుంటే దారిలో ఒక రాతి వంతెన దగ్గర బస్సు టైరు పేలింది.

"మా అత్త నన్ను కిందికి దింపింది. చేతిలో ఉడకబెట్టిన గుడ్డు పెట్టింది. 'బాగా చూసుకోవే. ఈ వంతెన, ఆ పిండి మర, ఆ కొండ. ఇవాళ్టి నుంచీ ఇదే నీ పుట్టిల్లు. నా కోడల్ని దిక్కులేనిదని ఒక్క నోరు అనడానికి వీల్లేదు' అంది. గుడ్డు తిన్నంతసేపూ చూశాను. టైరు మార్చారు. వచ్చేశాం."

వదిన ఇంకో వెల్లుల్లి గడ్డ తీసుకుంది.

"నన్ను ఏమన్నా పడతానే. నా కోసం అబద్ధమాడిన మనిషి మట్టిలో కలిసిపోయింది. ఇప్పుడు అందరి ముందూ ఆవిణ్ణి అబద్ధాలకోరుని చెయ్యమంటావా? ఎలాగైనా ఆ ఊరికి పోకుండా చూడు."

నాకు కోపం వచ్చింది. "ఈ ముక్క చప్పట్లు కొట్టకముందు చెప్పి ఏడవచ్చుగా!" అని అరిచాను. తర్వాత ఆవిడతో పాటు కూర్చుని వెల్లుల్లంతా ఒలిచాను.

నెమ్మదైన విహారంతో ఇదే చిక్కు. పాత పద్ధతిలో అయితే టైం లేదని ఒక చోటు ఎగ్గొట్టేయవచ్చు, ఎవరికీ తెలియదు కూడా. నేను హాల్లో, "దోల్దారి వదిలేద్దాంలే, టైం చాలదు" అన్నాను.

"చాలకపోవడమేంటి? ఏమీ చెయ్యకుండా కూర్చోడానికేగా పోతున్నాం!" అంది బామ్‌గోల్.

మిగతా వాళ్ళూ అదే అన్నారు. సంఘానికి పెద్దని కాబట్టి నేనే వెళ్ళి బస్సు మాట్లాడాల్సి వచ్చింది.

మొదటి రోజు సోల్మే. బస్సు దిగీ దిగగానే మా తమ్ముడు "గిల్‌సునక్కా!" అని వీధి అవతలి నుంచి కేకేశాడు. గిల్‌సునట గిల్‌సును అని బస్సంతా పడీ పడీ నవ్వింది. రెండో రోజు బామ్‌గోల్‌లో తేలిందేమిటంటే, బామ్‌గోల్ పేరు మాల్‌సుక్, ఆ కొండ మా పేడదిబ్బ కంటే కొంచెం ఎత్తు. రెండు చోట్లా వదిన అందరికంటే గట్టిగా నవ్వింది. రెండు రాత్రులూ నా పక్కన పడుకుని నిద్రపోలేదు.

మూడో రోజు పొద్దున్నే బస్సు దోల్దారి చేరింది. నాలుగు దోల్దారిల్లో పాత బస్సు దారి మీద ఉన్నది అదొక్కటే. వంతెన ఉంది. కొండ ఉంది. మర లేదు. వంతెన కింద ఒక ముసలామె ముల్లంగి దుంపలు కడుగుతోంది. మమ్మల్నందర్నీ చూసి, "ఎవరే మీరంతా?" అంది.

నేను నోరు తెరిచేలోపే బామ్‌గోల్ అందుకుంది. "మీ ఊరి ఆడపడుచే పెద్దమ్మా! యాభై ఏళ్ళకి పుట్టింటికొచ్చింది, పోల్చుకోలేదా?" అని వదినని ముందుకి తోసింది.

ముసలామె కళ్ళు చిట్లించింది. "ఎవరింటి పిల్లవే?"

వదిన నా వైపు చూసింది. మిరపకాయలంటుందేమో అనుకున్నాను.

"ఎవరింటి పిల్లనీ కాను పెద్దమ్మా" అంది. "ఒకసారి ఇక్కడ బస్సు టైరు పేలింది. మా అత్త ఈ వంతెన మీద నాకో గుడ్డు పెట్టి, ఇదే నీ పుట్టిల్లు అంది. నేను అదే చెప్పుకుని బతికాను. ఆవిడ తప్పేం లేదు. దిక్కులేని పిల్లననిపించుకోకూడదని."

అందరూ విన్నారు. బామ్‌గోల్ నోరు మూసుకుంది. అది నేను చూడటం అదే మొదలు.

ముసలామె చేతిలో దుంప కడగడం పూర్తి చేసి, గంపలో వేసింది. "ఇక్కడ బస్సు ఆగదు. ఊళ్ళోవాళ్ళం ఎన్ని అర్జీలు పెట్టినా ఆగలేదు. నీకు ఆగిందన్నమాట. నీ పేరేంటే?"

"జంగ్‌నే."

మాకూ అప్పుడే తెలిసింది.

"జంగ్‌నే, ఇన్నేళ్ళు రాకపోతే ఎలాగే? ఈ గంప అటు చివర పట్టు, ఇంట్లో పెడదాం."

వదిన పట్టుకుంది. గంపలో నీళ్ళు కారి గౌను తడిసిపోతున్నా పట్టించుకోలేదు. ఏడుస్తూ నడిచింది, దాచుకోలేదు. నేనూ ఏడ్చాను.

"ఇంతేనా?" అంది బామ్‌గోల్ నా వెనక నడుస్తూ. "నేను ఇన్నాళ్ళూ వాళ్ళ నాన్న జైల్లో ఉన్నాడనుకున్నా."

ఆ రోజంతా ఆ ఊళ్ళో ఏమీ చెయ్యకుండా కూర్చున్నాం. మేం కూర్చున్నాం గానీ, వదిన చేత ముసలామె బీన్సు ఒలిపించింది, దుప్పట్లు దులిపించింది, "జంగ్‌నే, ఒళ్ళు వంగదేంటే నీకు" అని తిట్టింది కూడా. మర్నాడు బస్సెక్కబోతుంటే పుట్టింటివాళ్ళు కట్టినట్టే మూట కట్టి ఇచ్చింది. ఎండబెట్టిన ముల్లంగాకు, వెల్లుల్లి, సీసాడు నువ్వుల నూనె.

"మాకో?" అన్నాను.

"మీ పుట్టింటికి పోయి తెచ్చుకో" అంది.

ఊరొచ్చేదాకా వదిన ఆ మూట ఒళ్ళోంచి దించలేదు. వారం తర్వాత ఆకుకూర కలుపుకుంటూ ఇంట్లో నూనె నిండుకుంటే, గిన్నె పట్టుకుని వెళ్ళి రెండు చుక్కలు అడిగాను. ఉన్న రెండు సీసాల్లో కొట్లో కొన్నది తీసి పోసింది. రెండోది కమ్మగా వాసనొస్తోంది, అది పొయ్యమన్నాను.

"అది మా పుట్టింటిదే" అంది. పొయ్యలేదు.