గుట్ట ఎక్కమని నేను రాసిన చీటీ

1348 ఫసలీ, ఇంగ్లీషు లెక్కకు 1939 జనవరి. నాగర్‌కర్నూలు జనానా దవాఖానలో లేడీ డాక్టరుగా చేరి అప్పటికి నాలుగేండ్లు. చదువు హైదరాబాదుది, నోరు మాత్రం పుట్టింటి వనపర్తిది. రెండింటితోనూ కావలసినంత మంది శత్రువులను సంపాదించుకున్నాను. అందుకు నాకేం బాధ లేదు. బాధపడే సంగతి వేరే ఒకటుంది, అదే ఇక్కడ రాస్తున్నాను.

అమ్రాబాద్ గుట్టల కింద ఒక దేశ్‌ముఖు గడీ. ఊరి పేరు రాయను. ఆ ఇంటి కోడలు సుభద్రకు పంతొమ్మిదేండ్లు. తొంటిలో, తొడల్లో నొప్పి. మెట్టు ఎక్కలేదు, నడిస్తే బాతులా అటూ ఇటూ ఊగుతుంది. దయ్యమని వేపమండలతో కొట్టించారు, వాతమని చెవుల నిండా పసర్లు పోయించారు. అన్నీ అయ్యాక నన్ను పిలిపించారు. చూడగానే తెలిసింది: ఆస్టియోమలేసియా. ఎముకలో సున్నం నిలవక ఎముక మెత్తబడే జబ్బు. ఎండ తగలని ఒంటికి వస్తుంది. నాట్లు వేసే ఆడవాళ్లలో ఒక్కరికీ నేను ఇది చూడలేదు. ఘోషాలో, పరదాల వెనక కూర్చున్న వాళ్లలోనే చూశాను. పెల్విస్, అంటే కటి ఎముకల గూడు, వంగిపోయిందంటే కాన్పు తల్లికీ బిడ్డకీ గండం.

చేపనూనె రాశాను. ఎండ రాశాను. నడక రాశాను.

సుభద్ర మొగుడు, అంటే దొర, చీటీ చూసి నవ్వాడు. "ఎండ గూడ మందేనా డాక్టరమ్మా? గట్లయితే మా జీతగాళ్లందరు పహిల్వాన్లు కావాలె."

"ఎముకల మాటకొస్తే మీకంటే గట్టిగానే ఉన్నరు దొరా. నమ్మకపోతే ఓ వడ్లమూట ఎత్తి చూడుండ్రి," అన్నాను.

ఎనిమిది నెలలు పట్టింది. మొదట మిద్దె మీద పది అడుగులు, తర్వాత పెరడు, తర్వాత గడీ వెనక ఉన్న రెండు చిన్న గుట్టలు. ఊగడం పోయింది. నొప్పి పోయింది. అప్పుడు ఆ పిల్ల తనంతట తాను నోరు తెరిచి అడిగింది: మిద్దె మీంచి రోజూ కనబడే గద్దలగుట్ట ఎక్కుతానని, దాని అవతల కృష్ణ ఎట్లుంటదో చూస్తానని. ఆ కోరిక విన్నాక నా చెయ్యి ఆగలేదు. చీటీ మీద రాసి సంతకం పెట్టాను: గద్దలగుట్ట, ఒకసారి, నెమ్మదిగా.

దొర ఒప్పుకున్నాడు, షరతులతో. ఆడవాళ్లే పోవాలి. దారి చూపడానికి చెంచు లింగయ్య వస్తాడు, కానీ ఆయన మాకు కనబడనంత ముందు నడవాలి, వెనక్కి తిరగకూడదు. మలుపు దగ్గర రాయి మీద రాయి పెట్టి పోతే, దాన్ని చూసి మేం రావాలి. గడీ ఆడవాళ్ల గొంతు ఆయన చెవిన పడకూడదు. ఇంత తతంగం ఒక గుట్టకు! అయినా సరేనన్నాను. గెలిచాననుకున్నాను మరి.

తెల్లవారగానే తెరలు కట్టిన బండిలో గుట్ట మొదలుకు చేరాం. సుభద్ర, ఆమె అత్త పెద్ద దొరసాని, నీళ్ల కుండతో దాసి చంద్రమ్మ, నేను. పెద్ద దొరసానికి అరవై ఏండ్లు. అన్నేండ్లలో ఆమె గొంతు పరాయి మగవాడు విన్నది లేదట. గుట్ట మాత్రం మా అందరికంటే బాగా ఎక్కింది. నేను రొప్పుతుంటే వెనక్కి చూసి, "ఏంది డాక్టరమ్మా, నువ్వు గూడ చేపనూనె తాగుతవా?" అంది.

పైన అంతా నాపరాయి. సున్నపురాయి పలకలు దొంతరలు దొంతరలుగా పేర్చినట్టు ఉంటాయి. అంచు దగ్గర కొండ కోసేసినట్టు తెగిపోయి, ఎక్కడో కింద కృష్ణ, పచ్చగా, కదులుతుందో లేదో తెలియకుండా. సుభద్ర కొంగు జారింది కూడా చూసుకోలేదు. చాలాసేపు చూసింది. దిగుదామని మేం లేచాక, ఇంకొక్కసారి అని రెండడుగులు ముందుకేసింది. కాలి కింది పలక తిరగబడింది.

అరుపు కూడా లేదు. నేను బోర్లా పడుకొని అంచు మీంచి చూశాను. రెండు నిలువుల లోతులో చాప వెడల్పు అరుగు, దాని మీద ఆమె, ఒక చేత్తో పొద పట్టుకొని. రెండో చెయ్యి వంకరగా వేలాడుతోంది. అరుగు కింద ఇంకేమీ లేదు. ఆమె కదిలినప్పుడల్లా పెళ్లలు ఊడి పడుతున్నాయి. అవి నేలకు తగిలిన చప్పుడు రావడానికి చాలాసేపు పడుతోంది.

"కాళ్లు కదుల్తున్నయా?" అని అరిచాను.

"కదుల్తున్నయి. చెయ్యి పోయింది. జల్ది రాండ్రి అక్కా, రాయి జరుగుతుంది."

లింగయ్యను పిలవడానికి లేచాను. పెద్ద దొరసాని నా చెయ్యి పట్టుకుంది. "అరవకు. మొగోడు ఇంటడు."

"వినాలనే అరుస్తున్న," అని చెయ్యి విదిలించుకొని, వనపర్తి సంతలో బేరమాడే గొంతుతో పిలిచాను.

ఆయన పరుగెత్తుకొచ్చాడు. వచ్చి ఒక బండ వెనక ఆగిపోయాడు, మా వైపు వీపు పెట్టి. భుజాన తేనె తాడు ఉంది. చెంచులు కొండకొనల్లో పట్టు తీయడానికి దిగే తాడు అది. సంగతంతా చెప్పాను. ఆయన కదల్లేదు.

"ఏంది నిలబడ్డవు? గుట్ట మీద పుట్టినోనివి, దిగనీకి భయమా?"

"దిగనీకి భయం లేదమ్మా. ఎక్కినంక భయం." వీపు అట్లాగే పెట్టి అన్నాడు. "దొర భార్యను వీపు మీద ఎక్కించుకొస్తే నా తోలు తీస్తరు. మా గూడెం కాలవెడ్తరు."

"నేను చెప్తా దొరకు. పూచీ నాది."

"నీకేమమ్మా. నువ్వు బండెక్కి నాగర్‌కర్నూలు పోతవు. నేనీడనే ఉండాలె."

కింద ఇంకో పెళ్ల ఊడింది. ఆయన పిరికివాడని అన్న నోరే పిల్లను గుట్ట ఎక్కమన్నది, ఆయన్ను వెంట పంపుతామంటే ఒప్పుకున్నది. గడీలో అన్ని షరతులకూ సరేనన్నదాన్ని, ఏదైనా అయితే ఈ మనిషి గతేంటని ఒక్క మాట అడగలేదు.

పెద్ద దొరసాని లేచింది. బండ చుట్టూ తిరిగి పోయి లింగయ్య ఎదురుగా నిలబడింది. ఆయన కండ్లు మూసుకున్నాడు.

"కండ్లు తెర్వు. తేనెకు దిగేటప్పుడు తాడెవరు పడ్తరు మీలో?"

ఆయన కండ్లు తెరిచాడు. "బామ్మర్ది పడ్తడు దొరసానీ. అక్క ముండమొయ్యొద్దని వదలడు."

"మరి ఇయ్యాల నీ బామ్మర్దిని నేనే. నా కోడలు నీ వీపు మీదుంటది, నేనెట్ల వదుల్త?" అని చెయ్యి చాపింది. "ముందుగాల నన్ను ముట్టు."

ఆయన కదల్లేదు. ఆమే ఆయన చెయ్యి అందుకొని గట్టిగా పట్టుకుంది. తల తిప్పి, "చంద్రమ్మా, చూసినవు గదా? ఎవరడిగినా గిదే చెప్పు. మొదలు ముట్టింది నన్ను," అంది.

ఆ తర్వాత అంతా చకచకా జరిగింది. తాడు చెట్టు మొదలుకు కట్టి, అంచు రాయికి కోసుకుపోకుండా నా శాలువా మడిచి కింద పెట్టాం. పెద్ద దొరసాని రాతికి కాళ్లు తన్నిపెట్టి కూర్చుని, లింగయ్య దిగుతుంటే తాడు వదిలింది, జానెడు జానెడు. అరుగు చేరి ఆయన సుభద్రను చంద్రమ్మ చీరతో వీపుకు కట్టుకున్నాడు. చంద్రమ్మ లోపలి గుడ్డతో పొద చాటున నిలబడింది, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పైకి ఎక్కుతుంటే ఆయన అడుగు పెట్టిన పలక ఒకటి విరిగింది. ఇద్దరూ ఊగి బండకు కొట్టుకున్నారు. తాడు పెద్ద దొరసాని అరచేతుల్లోంచి జర్రున జారింది. నెత్తురొచ్చింది. ఆమె వదల్లేదు. నేనూ చంద్రమ్మా ఆమె వెనక నుంచి తాడు అందుకొని లాగాం. మొదట లింగయ్య చేతులు కనబడ్డాయి, తర్వాత సుభద్ర జుట్టు.

పరీక్ష చేశాను. మణికట్టు దగ్గర కాలిస్ ఫ్రాక్చరు, చెయ్యి ఆనించి పడ్డవాళ్లకు అయ్యే విరుపు. లింగయ్య వెదురు చీల్చి ఇస్తే కట్టు కట్టాను. కటి ఎముకలు, తొడలు ఒక్కొక్కటే నొక్కి చూశాను. బాగున్నాయి. ఎనిమిది నెలల కింద అయితే అంత ఎత్తు నుంచి పడి కాళ్లు ఉండేవి కావు. వైద్యం పని చేసింది. వైద్యురాలి బుద్ధే పని చేయలేదు.

గడీ ముందర దొర నిలబడి ఉన్నాడు. కబురు మాకంటే ముందే చేరింది. "ఎవరు తీసిండ్రు పైకి?"

నేను నోరు తెరిచే లోపలే పెద్ద దొరసాని అంది: "లింగయ్య. నా చెయ్యి పట్టుకొని దిగిండు, నేను తాడు పట్టిన. నీకు కోపమొస్తే నాతోని మొదలువెట్టు." అని అరచేతులు చాపి చూపించింది.

దొర ఆ చేతులను చూశాడు. నన్ను చూశాడు. "కట్టు గట్టిగ కట్టిండ్రా డాక్టరమ్మా?" అని లోపలికి పోయాడు. లింగయ్య జోలికి ఎవరూ పోలేదు. రెండేండ్లకు సుభద్రకు మామూలు కాన్పే అయింది.

ఆ తర్వాత ఘోషాలో ఉన్న ఏ ఆడదానికి నడక రాసినా, ఆమె పడితే ఎవరు ఎత్తాలి, ఎత్తినవాడికి మర్నాడు ఏమవుతుంది అని ముందే అడుగుతున్నాను. ఇంటి పెద్దల నోట మాట తీసుకున్నాకే కలం పడుతున్నాను. ఒక ఇంట్లో మాట ఇవ్వలేదు. ఆ కోడలికి గుట్ట రాయలేదు. వాళ్ల మిద్దె చుట్టూ ఎండకు అడ్డంగా ఉన్న తడికలు పీకించడానికి మూడు నెలలు పోట్లాడాను. పీకించాను.