ఆరని రెక్కలు

ఆఫీసు పని మీద కాకినాడ నుంచి రాయదుర్గం వెళ్లినప్పుడు, ఓ ఉదయం అద్దాల భవనాల వెనక కుంట గట్టున, అప్పుడే కుబుసం విడిచిన తూనీగ గడ్డిపరకకు వేలాడుతూ కనిపించింది. ఫొటోకి వెలుతురు చాలదని పరకను తుంచి ఎండలోకి తిప్పాను. తూనీగ జారిపడింది. తడి రెక్కలు ముడుచుకుపోయాయి.

"ఏంది సారూ, గిట్ల జేస్తివి?" అంది అక్కడ గడ్డి కోస్తున్న పెద్దావిడ. "రెక్కలు ఆరేదాక నేనే ఈడ కొడవలి వెయ్య."

"తెలియక చేశానమ్మా" అన్నాను. పదేళ్లుగా తూనీగల ఫొటోలు తీస్తున్నవాణ్ణి. అలాంటప్పుడు ముట్టుకోకూడదని నాకు బాగా తెలుసు.

ఆమె దాన్ని మెల్లగా ఓ ఆకుపైకి ఎక్కించింది. ఎండెక్కేదాకా ఇద్దరం కాచుకుని కూర్చున్నాం. అది ఎగరలేదు.

"ఫికర్ జెయ్యకు సారూ, నీకు తెల్వదాయె" అంది, కొడవలి అందుకుంటూ. అప్పుడు కూడా నిజం చెప్పలేకపోయాను.