పసుపు కాళ్ళ ఉల్లంకి

మా మరిది గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటే దుకాణం ముందు లారీ బోల్తా పడ్డా తలెత్తడు. అంత నిలకడ మనిషీ చలికాలం వస్తే కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు. ఎక్కడెక్కడి నుంచో వలస పిట్టలు చెరువులో దిగుతాయి కదా, ఇక ఇల్లు పట్టదు.

పోయిన చలికాలం ఒక సాయంత్రం పరుగున వచ్చాడు.

"వదినా, పసుపు కాళ్ళ ఉల్లంకి! ఈ చెరువులో ఇంతవరకూ ఎవరూ చూడలేదు!"

ఉల్లంకి అంటే బురదలో ముక్కు గుచ్చుకుంటూ తిరిగే సన్నకాళ్ళ పిట్ట. చెరువు నిండా అవే, అన్నిటివీ పాచిరంగు కాళ్ళు. "పసుపువైతే ఏమిటట?" అన్నాను. నేనేదో వాళ్ళమ్మను తిట్టినట్టు చూశాడు.

పిట్టలు చూసేవాళ్ళకు ఇక్కడో సంఘం ఉంది. దాని పుస్తకంలోకి కొత్త పిట్ట ఎక్కాలంటే ఇద్దరు చూసి సంతకం పెట్టాలి. ఒక్కడే చూస్తే పక్కన ప్రశ్న గుర్తు. ఆ పుస్తకం చూసుకునే పోస్టాఫీసు గుమాస్తా గుర్తు పెట్టి ఊరుకోక, "కళ్ళు దుకాణంలో వదిలేసి చెరువుకొచ్చావా?" అన్నాడట. చలి తగ్గితే పిట్ట వెళ్ళిపోతుంది, ప్రశ్న గుర్తు మాత్రం ఉండిపోతుంది. మా మరిదికి అన్నం సహించలేదు. ఒకరి గడియారం ముల్లు ఇంకొకరి గడియారానికి బిగించాడు. తోడు రమ్మని వారం రోజులు సంఘంవాళ్ళను బతిమాలాడు. ఒకడికి జలుబు, ఒకడికి అత్తగారు.

"నేనొస్తాను పద," అన్నాను. చదివింది రెండో తరగతే కానీ, సంతకం పెడితే గుమాస్తా కన్నా గుండ్రంగా పెడతాను.

సాయంత్రం గట్టు కింద తుంగలో కూర్చున్నాం. నా నడుం విరిగిపోతోంది. అతను కుదురుగా ఉంటేనా! బైనాక్యులర్ నాకిస్తాడు, లాక్కుంటాడు, మళ్ళీ ఇస్తాడు.

"పిట్టను చూడనిస్తావా, నీ మోచెయ్యి చూడమంటావా?"

"అదిగో వదినా, రాయి పక్కన!"

చూశాను. నిజమే, నిమ్మపండు రంగు కాళ్ళు. "ఇటివ్వు కాగితం, పెట్టేస్తా."

కాగితం తీశాడు కానీ ఇవ్వలేదు. సూర్యుడి కేసి చూస్తున్నాడు. ఎండ ఏటవాలుగా పడుతోంది. నా నెరిసిన జడ కూడా పసుపుగానే ఉంది.

"ఒక్క నిమిషం ఆగుదాం."

ఆ నిమిషం అరగంటయింది. సూర్యుడు మబ్బు వెనక్కి పోయాడు. పిట్ట ఆ రాయి చుట్టే తచ్చాడుతోంది, నేను కన్ను తిప్పలేదు. దాని కాళ్ళు పాచిరంగే.

అతను కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. నేనే అన్నాను: "ఇప్పుడు మనం తప్ప ఎవరు చూశారయ్యా? నాకు పసుపే కనిపించింది. ఒట్టేసి పెడతాను సంతకం."

"నువ్వు చూసింది ఎండ, వదినా. ఆ రోజు నేను చూసిందీ అదే."

"గుమాస్తా నవ్వుతాడు."

"నవ్వనీ."

ఇంటికి పోదామంటే వినకుండా నేరుగా గుమాస్తా ఇంటికి నడిచాడు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. కిటికీలోంచి అంతా కనిపిస్తోంది. పుస్తకం తెరిపించి, ప్రశ్న గుర్తుతో సహా ఆ వరుస మొత్తం తన చేత్తోనే కొట్టేశాడు. గుమాస్తా నవ్వలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. కూర్చుంటేగా!

బయటికొస్తూనే, "వదినా, మబ్బు పట్టిన రోజు చూసి మిగతావన్నీ మళ్ళీ సరిచూసుకోవాలి. ఇంకెన్నింటిని ఎండలో రాశానో," అంటూ గబగబా ముందుకు నడిచాడు. నా నడుం సంగతి అడిగితే ఒట్టు.