మా ఇంట్లో మళ్ళీ ఉప్పు పడిన రోజు

పోయిన వారం డాక్టరు నా బీపీ చూసి ఉప్పు బాగా తగ్గించమన్నాడు. ఏ మాటైనా డైరీలో రాసుకునే అలవాటు కనుక దాన్నీ తేదీ వేసి రాసుకున్నాను. మర్నాడు కోడలు ఉప్పు లేని బీరకాయ కూర వడ్డించి, ఏమంటానోనని నా ముఖం చూసింది. నేను అన్నంలో కలుపుకున్నాను. ఆ రుచి నాకు కొత్తది కాదు. మొదటి ముద్దకే గోదావరిఖనిలోని మా పాత క్వార్టరు, దాని గడపలో కాళ్ళు పీట మీద చాపుకుని చదువుకునే మా చెల్లె గుర్తుకొచ్చింది.

చెల్లె అప్పుడు పదో తరగతి. గుండె కవాటం చెడి పాదాలకు నీరు దిగేది. దవాఖానలో ఉప్పు ముట్టొద్దన్నారు. ఒక్కదానికే వేరుగా వండితే కన్నబిడ్డ మనసు చిన్నబోతుందని అవ్వ ఇంటిల్లిపాదికీ చప్పగానే వండటం మొదలుపెట్టింది. మొదటి రోజు పప్పుచారు తాగుతూ నేను పెట్టిన ముఖం చూసి చెల్లె పడీపడీ నవ్వింది. లైబ్రరీ పుస్తకాలే కాదు, మిర్చీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా వదలకుండా చదివేది. నూనె మరక కింద కథ ఆగిపోతే మిగతాది తనే కల్పించి చెప్పేది. ఒకసారి ఆరోగ్యం పాఠం వల్లెవేస్తూ పుస్తకం మూసి అడిగింది: "పాఠంల అన్నీ తినుమన్నరు, డాక్టర్ సాబ్ అన్నీ వద్దన్నడు. పరీక్షల ఏది రాయాలె అన్నా?" పాఠంలో ఉన్నదే రాయమన్నాను, మార్కులు దానికే కదా అని. ఆ పరీక్ష రాసి తీరాలన్నదే ఆమె పట్టుదల.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. భూమి లోపలి ఉక్కకు చెమట కారి, ఇంటికొచ్చి ఆరేసిన అంగి మీద తెల్లని ఉప్పు చారలు తేలేవి. చెల్లె వాటిలో గోదావరి వంపులు చూపించేది. అంత చెమట పోయేవాడికి ఉప్పు కావాలని అవ్వ ఆయన సద్దిగిన్నెలో చిన్న పొట్లం విడిగా పెట్టేది. అది విప్పకుండానే తిరిగి వచ్చేది. అడిగితే "మర్శిన" అనేవాడు. "డ్యూటీ మరువవు, బీడీ మరువవు, ఉప్పొక్కటే మరుస్తవా?" అని అవ్వ సాధించేది. బాపు లేచి చేతులు కడుక్కునేవాడు.

పరీక్షలు మొదలుకాకముందే చెల్లె పోయింది. దినాలు అయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు, బాపు మళ్ళీ షిఫ్టుకు పోతున్నాడు. అవ్వ మాత్రం చప్పగానే వండుతూ ఉంది. ఉప్పు డబ్బా పొయ్యి పక్కనే ఉండేది. అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన బాపు పిక్కలు పట్టేసి గడపలోనే కూలబడ్డాడు. అవ్వ నూనె తెచ్చి రాస్తూ కూర్చుంది. ఆయన మెల్లగా, "ఇగ ఉప్పెయ్యవే" అన్నాడు.

అవ్వ చెయ్యి ఆగింది. "ఏస్తే, అది ఇగ రాదన్నట్టే గద."

ఆమె నూనె గిన్నె పక్కన పెట్టి, లేచి లోపలికి వెళ్ళింది. ఆ పూట వంకాయ కూరలో ఉప్పు పడింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూడకుండా తిన్నాం. కూర రుచిగా ఉంది. అంత రుచిగా ఉండటమే నేను తట్టుకోలేకపోయాను. డైరీలో ఒక్క వాక్యమే రాశాను: ఈరోజు కూరలో ఉప్పు వేశారు.

ఇప్పుడు బాపూ లేడు, అవ్వా లేదు, ఆ క్వార్టరూ లేదు. "సప్పగుంటే నిమ్మకాయ పిండుకోండ్రి మామా" అని నిన్న కోడలు అన్నది. వద్దన్నాను. కాలం మనిషిని ముందుకే నడిపిస్తుందనుకునేవాణ్ణి. ఈ వయసులో అది నన్ను తిప్పి తెచ్చి, పదో తరగతి దాటని పిల్లతో మళ్ళీ ఒకే బంతిలో కూర్చోబెట్టింది.